కుక్కకు మోషన్లు: మెడికల్ షాపులో ఏది అడగాలి, ఏది వద్దనాలి

నల్లగొండలోనైనా పాలమూరులోనైనా మెడికల్ షాపుకు పోయి "మోషన్లకు ఏదన్నా ఇయ్యన్నా" అంటే కౌంటర్ మీదికి వచ్చేవి ఐదారు రకాలే. ఓఆర్ఎస్ ప్యాకెట్, లోపెరమైడ్ గోలీ, నార్‌ఫ్లాక్స్ టీజెడ్, మెట్రోజిల్ 400, ప్రోబయోటిక్ సాచెట్, ఇసబ్‌గోల్ డబ్బా. కుక్క కోసమని చెప్పినా ఇవే, చెప్పకపోయినా ఇవే. మనిషికి పనిచేసే గోలీని సగం విరిస్తే కుక్కకు సరిపోతుందనే లెక్కతో అన్నం ముద్దలో పెట్టి మింగిస్తుంటారు. ఓఆర్ఎస్, ఇసబ్‌గోల్, ప్రోబయోటిక్ వరకు ఆ ఆలోచన పెద్దగా నష్టం చేయదు. మిగతా మూడింటి దగ్గరికి వచ్చేసరికి తప్పుతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది.

పోలికలోకి దిగే ముందు ఒక సంగతి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కకు చెత్తకుప్పలో ఏదో తినో, దావత్‌లో మిగిలిన మసాలా కూర తినో వచ్చే మోషన్లు చాలావరకు రెండు మూడు రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. అందుకే ఏ గోలీ వేసినా మూడో రోజుకు అదే తగ్గించినట్టు కనిపిస్తుంది. "మా కుక్కకు ఇది వేస్తే ఠక్కున ఆగింది" అని పక్కింటివాళ్లు చెప్పే సలహాల్లో సగానికి సగం ఇలా పుట్టినవే.

## గోలీ పేరు కంటే ముందు చూడాల్సినవి

బరువు. కుక్కను ఎత్తుకుని ఒకసారి, ఒంటరిగా ఒకసారి తూకం మిషన్ ఎక్కి తేడా తీయండి. పల్లెలో పత్తి తూచే కాంటా మీద నిలబెట్టినా సరే. మామూలు ఊరకుక్క 15 నుంచి 20 కిలోలు ఉంటుంది, మనం పామేరియన్ అని పిలిచే తెల్లబొచ్చు కుక్క 5 నుంచి 8, ల్యాబ్రడార్ 25 నుంచి 35. "చిన్నదానికి సగం, పెద్దదానికి ఒకటి" అన్నమాట ఎక్కడ తప్పుతుందో చూడండి: 3 కిలోల పిల్లకు సగం గోలీ వేయడమంటే 60 కిలోల మనిషి ఒకేసారి పది గోలీలు మింగినట్టు.

ఒంట్లో నీరు. పై పెదవి లేపి చిగురు మీద వేలు పెట్టండి. తడిగా జారితే పర్వాలేదు. వేలు అతుక్కున్నట్టు జిగటగా ఉంటే నీరు తగ్గింది. చిగురును నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగుకు రావాలి. మెడ వెనక తోలు పట్టి లేపి వదిలే పరీక్ష అందరికీ తెలిసిందే కానీ బక్కచిక్కిన కుక్కల్లో, ముసలి కుక్కల్లో అది మోసం చేస్తుంది. చిగురునే నమ్మండి. మే నెలలో నల్లగొండ ఎండ 43, 44 డిగ్రీలకు చేరే రోజుల్లో పొద్దున బాగున్న కుక్క మధ్యాహ్నానికి కూలబడిపోవచ్చు, కాబట్టి మూడు గంటలకోసారైనా చూడాలి.

వేడి. డిజిటల్ థర్మామీటర్‌కు కొంచెం వాజిలైన్ రాసి మలద్వారంలో అంగుళం లోపలికి పెట్టి చూడాలి. కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలు. 103 దాటితే జ్వరం. 99 లోపుకు పడిపోతే జ్వరం కంటే ప్రమాదం, అది షాక్‌లోకి పోతోందని అర్థం.

మలం తీరు. కొంచెం కొంచెంగా, మాటిమాటికీ, జిగురుతో, ముక్కుతూ పోతుంటే గడబిడ పెద్దపేగులో ఉన్నట్టు. ఒక్కోసారి ఎక్కువ మొత్తంలో నీళ్లలా, కంపు కొడుతూ పోతుంటే చిన్నపేగులో. రెండో రకానికి నీరు వేగంగా తగ్గుతుంది. ఏ మందు ఎంచుకోవాలన్నది కూడా దీన్నిబట్టే మారుతుంది.

కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా మెడికల్ షాపు వైపు పోవద్దు, పశువుల డాక్టర్ దగ్గరికే:

- ఆరు నెలల లోపు పిల్ల, లేదా టీకాలు పూర్తికాని కుక్క
- మలంలో రక్తం, ఎర్రటి జామ్ లాంటి విరేచనం, లేదా తారులా నల్లటి మలం
- తాగిన నీళ్లు కూడా కక్కేయడం
- నోట్లోంచి సొల్లు కారడం, ఒళ్లు వణకడం, నడక తూలడం
- పొట్ట ఉబ్బి గట్టిపడటం, ముందుకాళ్లు వంచి వెనకభాగం పైకెత్తి నిలబడటం
- కడుపుతో ఉన్నది, పిల్లలకు పాలిస్తున్నది, షుగర్ గానీ కిడ్నీ జబ్బు గానీ ఉన్నది

ఈ జాబితాలో సొల్లు, వణుకు గురించి మన జిల్లాల్లో విడిగా చెప్పుకోవాలి. పత్తి చేలల్లో, బత్తాయి తోటల్లో కొట్టే మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటి మందులు, పొలంలో చల్లే కార్బోఫ్యూరాన్ గుళికలు కుక్క కడుపులోకి పోతే మోషన్లు పడతాయి. వాటితో పాటు సొల్లు, కంటి నీరు, కంటిపాప గుండుసూది మొనంత చిన్నదవడం, కండరాలు అదరడం. దాన్ని కడుపు గడబిడ అనుకుని మోషన్లు ఆపే గోలీ వేస్తే విషం లోపలే నిలిచిపోతుంది. డాక్టర్ చేతిలో అట్రోపిన్ ఇంజెక్షన్ ఉంటుంది, ఇంట్లో దానికి బదులుగా ఏదీ లేదు. ఉప్పునీళ్లు పోసి కక్కించే ప్రయత్నం చేయొద్దు, ఆ ఉప్పే ఇంకో విషమవుతుంది. మందు ఒంటి మీద పడి ఉంటే చేతులకు తొడుగులు వేసుకుని సబ్బు నీళ్లతో కడిగి వెంటనే బయల్దేరండి. మందు డబ్బా దొరికితే దాన్నీ తీసుకెళ్లండి.

## ఓఆర్ఎస్: ముందు కొనాల్సింది, ఎవరికీ నచ్చనిది

ఓఆర్ఎస్ మీద జనానికి ఉన్న ఫిర్యాదు ఒకటే, "వేసినా మోషన్లు ఆగలేదు" అని. నిజమే, అది ఆపదు. ఆపడం దాని పని కాదు. మోషన్లతో కుక్కకు ముప్పు తెచ్చేది పోయిన నీరు, ఉప్పు. గ్లూకోజ్, సోడియం సరైన పాళ్లలో కలిస్తే పేగు గోడ ఆ రెండింటినీ జతగా లోపలికి లాగుతుంది, వాటి వెంట నీరూ పోతుంది. మనిషి పేగుకు, కుక్క పేగుకు ఈ విషయంలో తేడా లేదు.

ప్యాకెట్ వెనక డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందేమో చూడండి. లీటరుకు సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. పండ్ల రుచితో అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి డ్రింకులు ఇవి కావు, వాటిలో చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ. ఎక్కువైన చక్కెర పేగులోకి నీటిని గుంజి మోషన్లను పెంచుతుంది. షుగర్ ఫ్రీ అని రాసినవైతే అసలు ముట్టొద్దు. జైలిటాల్ అనే తీపి పదార్థం మనిషికి ఏమీ చేయదు కానీ కుక్కకు అరగంటలో రక్తంలో చక్కెర పడిపోయేలా చేస్తుంది, కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

లీటరు ప్యాకెట్ అయితే లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. పొడి అన్ని చోట్లా ఒకేలా కలిసి ఉండదు కాబట్టి సగం పొడి సగం నీళ్లలో వేసే పద్ధతి నమ్మదగింది కాదు. చిన్నకుక్కకు 200 మి.లీ. ప్యాకెట్లు కొనుక్కోండి. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో మిషన్ భగీరథ కుళాయి నీళ్లో ఫిల్టర్ నీళ్లో కాచి చల్లార్చి వాడండి, లేకపోతే ఉప్పు లెక్క మారిపోతుంది. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి.

మోతాదు కిలోకు 5 మి.లీ. చొప్పున గంటకో రెండు గంటలకో ఒకసారి. 5 కిలోల కుక్కకు 25 మి.లీ., 10 కిలోలకు 50, 20 కిలోలకు 100. గిన్నెలో పోస్తే తాగితే మంచిదే, పక్కన వట్టి నీళ్లు కూడా పెట్టండి. తాగకపోతే ఉప్పు, కారం, ఉల్లి వేయని కోడి ఉడికించిన నీళ్లు రెండు చెంచాలు కలిపితే వాసనకు తాగుతుంది. అప్పటికీ వద్దంటే సూది తీసేసిన 10 మి.లీ. సిరంజితో చెంప సందులోంచి కొద్దికొద్దిగా పోయాలి. తల పైకెత్తి గొంతులోకి నేరుగా కొట్టొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే మోషన్ల కంటే పెద్ద కష్టం. ఒకసారి కక్కితే గంట ఆగి చెంచాలతో మొదలుపెట్టండి. మళ్లీ కక్కితే ఇంటి వైద్యం ఆపేసి సెలైన్ కోసం పోవాలి.

పిల్లల మోషన్లకు ఓఆర్ఎస్‌తో పాటు ఇచ్చే జింక్ గోలీలు ఇంట్లో ఉంటాయి. అవి కుక్కకు వేయొద్దు. జింక్ ఎక్కువైతే కుక్క ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి.

## ఇసబ్‌గోల్, గుమ్మడి

జిగురుతో, ముక్కుతూ, మాటిమాటికీ పోయే పెద్దపేగు మోషన్లకు దీనికి మించింది షాపులో లేదు. పీచు నీటిని పీల్చి మలానికి రూపం ఇస్తుంది. వట్టి పొట్టు డబ్బానే కొనండి. నారింజ రుచి కలిపినవి వద్దు, సునాముఖి కలిసిన చూర్ణాలు అసలు వద్దు, అవి విరేచనం తెప్పించడానికే తయారైనవి.

10 కిలోల లోపు కుక్కకు అర టీస్పూను, 25 వరకు ఒకటి, ఆపైన రెండు. రోజుకు రెండుసార్లు. కనీసం పది నిమిషాలు నీళ్లలో నాననిచ్చి, ఉబ్బిన తర్వాత మెత్తటి అన్నంలో కలపాలి. పొడిపొట్టు అలాగే నోట్లో వేస్తే గొంతులోనే ఉబ్బుతుంది. నీరు బాగా తగ్గిన కుక్కకు, కక్కుతున్న కుక్కకు ఇవ్వొద్దు.

ఇసబ్‌గోల్ దొరకకపోతే ఉప్పు లేకుండా ఉడికించిన తియ్యగుమ్మడి గుజ్జు చిన్నకుక్కకు ఒక చెంచా, పెద్దదానికి నాలుగు. ఇక్కడ బూడిదగుమ్మడి పనికిరాదు.

## ప్రోబయోటిక్

శాకరోమైసిస్ బౌలార్డి 250 మి.గ్రా. సాచెట్ ఒకటి, బాసిల్లస్ క్లాసై 5 మి.లీ. బుడ్డి ఒకటి, ఈ రెండూ మన ఊళ్ల షాపుల్లో దొరుకుతాయి. ఇవి చేసే మేలు ఉన్నమాట చెప్పాలంటే చిన్నదే. మోషన్లు కొంచెం ముందుగా తగ్గేలా చేస్తాయి, అంతే. హాని కూడా అంతే తక్కువ. 10 కిలోల లోపుకు రోజుకు సగం సాచెట్, ఆపైన ఒకటి, మూడు నుంచి ఐదు రోజులు. వేడి అన్నంలో కలిపితే అందులోని జీవం చచ్చిపోతుంది. పదార్థాల జాబితాలో జైలిటాల్ లేదని చూసుకోండి. చేతిలో డబ్బు తక్కువైతే దీన్ని వదిలేసి ఇంకో రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు కొనడమే మేలు.

పెరుగు దీనికి సాటి కాదు. ఇదివరకే పెరుగన్నం అలవాటున్న కుక్కకు రెండు చెంచాలు ఇస్తే తప్పులేదు. పాలు మాత్రం ఆపేయండి, ముఖ్యంగా బర్రెపాలు. చాలా పెద్ద కుక్కలకు పాలల్లోని చక్కెర అరగదు, ఆ పాలే మోషన్లకు కారణమైన ఇళ్లు ఎన్నో.

## లోపెరమైడ్: పనిచేస్తుంది, అదే చిక్కు

2 మి.గ్రా. గోలీ. పేగు కదలికను నెమ్మదింపజేస్తుంది కాబట్టి మోషన్లు నిజంగానే ఆగుతాయి. కుక్కలకు డాక్టర్లు కూడా కొన్నిసార్లు రాస్తారు, మామూలుగా కిలోకు 0.1 మి.గ్రా. దగ్గర మొదలుపెడతారు. అంటే 20 కిలోల కుక్కకు ఒక గోలీ, 5 కిలోలదానికి పావు. ఇంత సన్నని లెక్క కాబట్టే 3 కిలోల పిల్లకు సగం వేస్తే మూడింతలు దాటిపోతుంది.

మోతాదు సరిగ్గా ఉన్నా మూడు చోట్ల ఇది ఎదురు తిరుగుతుంది. ఒకటి, కడుపులో విషమో కుళ్లిన మాంసమో పురుగులో ఉన్నప్పుడు. బయటికి పోవాల్సింది లోపలే ఉంటుంది. రెండు, రక్తవిరేచనాలు, పార్వో (కుక్కపిల్లలను ఎక్కువగా పట్టే వైరస్ జబ్బు). కదలని పేగులో సూక్ష్మజీవులు పెరిగి రక్తంలోకి దిగుతాయి.

మూడోది జాతికి సంబంధించింది. కోలీ, షెట్‌ల్యాండ్ షీప్‌డాగ్, ఆస్ట్రేలియన్ షెపర్డ్ లాంటి కాపరి జాతుల్లో ఎండీఆర్1 అనే జన్యువులో లోపం ఎక్కువ. జర్మన్ షెపర్డ్‌లలోనూ దాదాపు పదింటిలో ఒకదానికి ఉంటుంది. మామూలు కుక్కలో మెదడు గుమ్మం దగ్గర ఒక ప్రోటీన్ కాపలా ఉండి లోపెరమైడ్‌ను బయటికి తోసేస్తుంది. లోపం ఉన్నదానిలో ఆ కాపలా లేదు. మందు మెదడులోకి పోయి కుక్క తూలుతుంది, సొల్లు కారుస్తుంది, మత్తుగా పడిపోతుంది. ఇటు మహబూబ్‌నగర్ నుంచి అటు మిర్యాలగూడ దాకా కాపలాకు జర్మన్ షెపర్డ్‌ను పెంచేవాళ్లు చాలామందే. మీ కుక్కకు ఆ లోపం ఉందో లేదో చూసి చెప్పలేం. కాబట్టి ఆ జాతికి, దాని సంకరానికి లోపెరమైడ్ ఇంట్లో వేయొద్దు.

మిగతా కుక్కలకు కూడా డాక్టర్‌తో ఫోన్లోనైనా మాట్లాడి, ఆయన బరువు అడిగి మోతాదు చెప్తేనే. బరువు అడగకుండా "సగం వేయండి" అనేవాళ్ల మాట వినొద్దు, ఎవరైనా సరే.

## మెట్రోజిల్, నార్‌ఫ్లాక్స్ టీజెడ్, ఓ2

స్ట్రిప్ మీద నిలువుగా ఎర్రగీత ఉంటుంది చూడండి, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని దానర్థం. అయినా మన దగ్గర మోషన్లు అనగానే మొదట చేతిలో పడేది ఇదే.

మెట్రోజిల్‌లో ఉండే మెట్రోనిడజోల్‌ను కుక్కల డాక్టర్లూ ఏళ్ల తరబడి రాశారు, ఇప్పుడు తగ్గిస్తున్నారు. కారణం, మామూలు మోషన్లలో అది వేసినా వేయకపోయినా తగ్గే రోజుల్లో పెద్ద తేడా రావడం లేదు, పేగులోని మంచి సూక్ష్మజీవులు మాత్రం వారాల తరబడి చెదిరిపోతున్నాయి. 2024లో వచ్చిన యూరప్ మార్గదర్శకాలు కూడా తేలికపాటి, మధ్యస్థ విరేచనాలకు యాంటీబయాటిక్ వద్దనే చెప్పాయి. పైగా 400 గోలీలో సగం 3 కిలోల పిల్లకు వేస్తే కిలోకు 66 మి.గ్రా. పడుతుంది. డాక్టర్లు ఒక పూటకు సాధారణంగా ఇచ్చేది 10 నుంచి 15. ఎక్కువైతే కళ్లు పక్కలకు కొట్టుకుంటాయి, తల వాలుతుంది, కాళ్లు తడబడతాయి. పైగా పచ్చి చేదు. విరిచిన గోలీ నాలుకకు తగిలితే నురగలు కక్కి, తర్వాత ఆ అన్నాన్ని కూడా ముట్టదు.

నార్‌ఫ్లాక్స్ టీజెడ్ అంటే నార్‌ఫ్లాక్సాసిన్ 400, టినిడజోల్ 600 కలిపింది. ఓ2 అంటే ఆఫ్లాక్సాసిన్ 200, ఆర్నిడజోల్ 500. రెండు మందులూ పెద్ద మనిషి లెక్కన ఒకే గోలీలో అతుక్కుని ఉన్నాయి, ఒకదాన్ని తగ్గించకుండా ఇంకోదాన్ని సరిచేయలేరు. ఫ్లాక్సాసిన్ జాతి మందులు పెరిగే కుక్కల కీళ్లలోని మెత్తటి ఎముకను పాడుచేస్తాయి. చిన్న, మధ్యరకం కుక్కలకు ఎనిమిది నెలల దాకా, పెద్దజాతులకు ఏడాది దాకా ఈ భయం ఉంటుంది. మోషన్లు తగ్గిన నెలకు కుంటడం మొదలైతే ఆ రెంటికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు. ఈ వరుసలో ఏదీ ఇంటి ఎంపిక కాదు.

## బళ్లో ఇచ్చిన నులిపురుగుల గోలీ, ఇంకొన్ని

బళ్లో పిల్లలకు ఇచ్చే ఆల్బెండజోల్ 400 మిగిలితే కుక్కకు వేసేస్తుంటారు. పురుగులతో మోషన్లు రావడం నిజమే, కుక్కపిల్లల్లో మరీ ఎక్కువ. కానీ ఆల్బెండజోల్ కుక్కల ఎముక మూలుగను అణచివేసి రక్తకణాలను తగ్గించవచ్చు. పైరాంటెల్, ఫెన్‌బెండజోల్ ఉన్న కుక్కల నులిపురుగుల మందు పశువుల మందుల షాపులో దొరుకుతుంది, అదే కొనండి.

ఇంటర్నెట్‌లో అమెరికా వాళ్లు చెప్పే గులాబీ రంగు బిస్మత్ సిరప్ మన షాపుల్లో సాధారణంగా కనిపించదు, దొరికినా వెతకొద్దు. అందులో ఆస్పిరిన్ జాతి పదార్థం ఉంటుంది, మలాన్ని నల్లగా చేసి లోపలి రక్తస్రావాన్ని దాచేస్తుంది.

కడుపునొప్పి అనుకుని నొప్పిగోలీ కలపడం అన్నింటికంటే చెడ్డది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నిమెసులైడ్ కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, నీరు తగ్గి ఉన్నప్పుడు కిడ్నీలను ముందుగా దెబ్బతీస్తాయి. పారాసెటమాల్ కాలేయాన్ని.

వంటింటి వైద్యంలో జాజికాయ అరగదీసి నాకించడం, గసగసాలు నూరి పెట్టడం పసిపిల్లల నుంచి కుక్కలకూ పాకింది. జాజికాయ కుక్కకు విషం. గసగసాల్లో మత్తు పదార్థపు జాడ ఉంటుంది. డికాషన్‌లో కెఫీన్ ఉంటుంది. మూడూ వద్దు.

## ఒకచోట చూస్తే

| మందు | ఏం చేస్తుంది | ఎవరికి సరిపోతుంది | ఎక్కడ తేడా కొడుతుంది | ఇంట్లో ఇవ్వొచ్చా |
|---|---|---|---|---|
| ఓఆర్ఎస్ | పోయిన నీరు, ఉప్పు తెస్తుంది | కక్కని ప్రతి కుక్కకూ | చిక్కగా కలిపితే, గొంతులోకి కొడితే | ఇవ్వొచ్చు |
| ఇసబ్‌గోల్ | మలానికి రూపం ఇస్తుంది | జిగురు, ముక్కుడు ఉన్నప్పుడు | పొడిగా వేస్తే, నీరు తగ్గినప్పుడు | ఇవ్వొచ్చు |
| ప్రోబయోటిక్ | కొంచెం ముందుగా తగ్గిస్తుంది | డబ్బు, ఓపిక ఉన్నవాళ్లకు | తీపి కలిపిన రకాలు | ఇవ్వొచ్చు |
| లోపెరమైడ్ | పేగు కదలికను తగ్గిస్తుంది | డాక్టర్ చూసి చెప్పిన కుక్కకు | విషం, పార్వో, జర్మన్ షెపర్డ్, కోలీ | డాక్టర్ చెప్తేనే |
| మెట్రోజిల్ | కొన్ని సూక్ష్మజీవులను చంపుతుంది | పరీక్షలో అవసరం తేలితే | పిల్లలు, మోతాదు దాటితే | వద్దు |
| నార్‌ఫ్లాక్స్ టీజెడ్, ఓ2 | రెండు యాంటీబయాటిక్‌లు కలిసినవి | కుక్కకు కాదు | పెరిగే కుక్కల కీళ్లు | వద్దు |
| ఆల్బెండజోల్ | పురుగులను చంపుతుంది | దీనికంటే మంచివి ఉన్నాయి | ఎముక మూలుగ | వద్దు |

## మీ కుక్క ఏ రకం

దసరాకో బోనాలకో యాట కొవ్వు, బొక్కలు మేసి మోషన్లు పట్టిన 15, 20 కిలోల ఊరకుక్క. హుషారుగా తిరుగుతోంది, నీళ్లు తాగుతోంది. ఈ కుక్కకు ఓఆర్ఎస్, మెత్తటి తిండి చాలు. జిగురు కనిపిస్తే ఇసబ్‌గోల్ కలపండి. యాంటీబయాటిక్ కొనాలని చేయి లాగేది సరిగ్గా ఇలాంటి కుక్క విషయంలోనే, కానీ అవసరం లేనిదీ దీనికే. ఒక్కటి మాత్రం కనిపెట్టుకుని ఉండండి: కొవ్వు ఎక్కువ తిన్న ఒకట్రెండు రోజుల్లో వాంతులు మొదలై, ముందుకాళ్లు చాపి వంగి పిర్ర పైకెత్తి నిలబడుతుంటే అది క్లోమగ్రంథి వాపు కావచ్చు. అప్పుడు ఓఆర్ఎస్‌తో పని కాదు. బొక్క అడ్డంపడినా వాంతులు, పొట్ట ఉబ్బు ఉంటాయి.

రెండు మూడు నెలల పిల్లకు ఎంపిక అంటూ లేదు. పార్వో ఆరు వారాల నుంచి ఆరు నెలల మధ్య పిల్లలను ఎక్కువ పట్టుకుంటుంది. మొదటి రోజు వట్టి నీరసం, రెండో రోజు వాంతులు, ఆ తర్వాత కుళ్లు కంపుతో రక్తవిరేచనాలు. సెలైన్ త్వరగా పడితే చాలా పిల్లలు బతుకుతాయి, ఇంట్లో గోలీలతో గడిపితే చాలా పిల్లలు పోతాయి. దారిలో ఓఆర్ఎస్ చెంచాలతో పోస్తూ పోండి. పిల్లను పస్తు ఉంచొద్దు, గంటల్లోనే రక్తంలో చక్కెర పడిపోతుంది. చిగుళ్లకు కొంచెం తేనె రాసి తీసుకెళ్లండి.

బాయికాడ కాపలా ఉండే కుక్కకు మోషన్లు పడితే మొదట విషం కాదని తేల్చుకోవాలి. ఆ వారంలో చేనుకు ఏం కొట్టారు, ఎలుకల మందు ఎక్కడ పెట్టారు అని ఇంట్లోవాళ్లందరినీ అడగండి. అచ్చంపేట, వనపర్తి వైపు పల్లీ పండించే ఇళ్లలో బూజు పట్టిన పల్లీలు, మక్కలు కుక్కకు వేయడం ఉంది. ఆ బూజులోని విషం కాలేయాన్ని తింటుంది. చిగుళ్లు, కంటి తెల్లగుడ్డు పసుపు రంగుకు తిరిగితే ఏ మోషన్ల మందూ దానికి జవాబు కాదు.

కీళ్లనొప్పులకు గోలీలు వాడుతున్న ముసలి ల్యాబ్రడార్‌కు మోషన్లు వస్తే ముందు ఆ నొప్పిగోలీ ఆపి డాక్టర్‌కు ఫోన్ చేయండి, మోషన్లకు కారణం అదే కావచ్చు.

వీధికుక్కలకు అన్నం పెట్టేవాళ్ల కష్టం వేరు. పట్టుకోలేరు, తూచలేరు, ఏది ఎన్నిసార్లు పోయిందో లెక్కా ఉండదు. అక్కడ గోలీలు అన్నంలో కలపడం మరీ ప్రమాదం, బలమైన కుక్క మూడింటి వాటా తినేస్తుంది. నీడన వెడల్పాటి గిన్నెలో ఓఆర్ఎస్, పక్కన వట్టి నీళ్లు, మెత్తటి అన్నం. అక్కడ సాధ్యమయ్యేది అంతవరకే.

## తిండి

పెద్ద కుక్కకు ఒక పూట తిండి ఆపొచ్చు, అంతకుమించి ఎండగట్టాల్సిన పనిలేదు. తర్వాత బాగా మెత్తగా ఉడికిన అన్నం రెండు పాళ్లు, తోలు, బొక్కలు తీసిన ఉడికిన కోడిమాంసం ఒక పాలు. ఉప్పు, కారం, పసుపు, నూనె ఏమీ వద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలకు చేటు, కూర కడిగి పెట్టినా వాటి రసం పోదు. రోజూ పెట్టేదానిలో సగం తీసుకుని నాలుగు పూటలుగా పంచండి. జొన్న గటక అలవాటున్న కుక్కకు ఈ రెండు రోజులు అది కూడా ఆపండి, ముతక పీచు ఇప్పుడు భారం. మలం గట్టిపడిన తర్వాత మూడు నాలుగు రోజుల్లో కొద్దికొద్దిగా పాత తిండికి తేవాలి. తగ్గిందని అదే రోజు బొక్కలు వేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

## ఎంతసేపు చూడాలి

ఓఆర్ఎస్ మొదలుపెట్టిన 12 గంటలకు కుక్క మొహంలో తేట రావాలి, మోషన్లు ఇంకా ఉన్నా సరే. 24 గంటలకు లెక్క తగ్గాలి. 48 గంటలకు రూపం రావాలి. ఇందులో ఏ గడువు తప్పినా డాక్టర్ దగ్గరికే.

పోయేటప్పుడు మలం కొంచెం శుభ్రమైన చిన్న డబ్బాలో తీసుకెళ్లండి, నాలుగైదు గంటల లోపుది అయితే పురుగుల పరీక్షకు పనికొస్తుంది. ఇంట్లో వేసిన ప్రతి గోలీ స్ట్రిప్‌నూ చూపించండి. తిడతారని దాచిపెడితే డాక్టర్ ఇచ్చే మందు దానితో కలిసి ఇంకో చిక్కు తెస్తుంది. 1962 నంబరు పశువుల అంబులెన్సుది, ప్రధానంగా పాడి పశువుల కోసం పెట్టింది. కుక్కకు వస్తారో లేదో ఫోన్లోనే అడిగేయండి, ఎదురుచూస్తూ కూర్చోవద్దు. జిల్లా కేంద్రంలోని పశువుల దవాఖానలో సెలైన్ పెడతారేమో ముందే కనుక్కోండి. అక్కడ కుదరకపోతే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా దాదాపు 100 కిలోమీటర్లు. దారిలో ఎండ తగలకుండా తడిబట్ట, సిరంజి, కలిపిన ఓఆర్ఎస్ సీసా వెంట ఉండాలి. పార్వో అనుమానం ఉంటే పిల్లను ఆసుపత్రిలో నేల మీద దింపకుండా చేతిలోనో అట్టపెట్టెలోనో ఉంచి, ముందే లోపలికి చెప్పండి.

ఇంట్లో మలం పడిన చోటును ముందు కడిగి, తర్వాత ఒక పాలు బ్లీచింగ్ ద్రావణం 30 పాళ్ల నీళ్లలో కలిపి పోసి పది నిమిషాలు ఉంచాలి. పార్వో వైరస్ మామూలు ఫినాయిల్‌కు చావదు, మట్టిలో నెలల తరబడి ఉంటుంది. బ్లీచింగ్ మట్టివాకిట్లో సరిగ్గా పనిచేయదు, అక్కడ పైమట్టి చెక్కి తీసేసి ఎండ పడనివ్వడమే దారి. ఆ వాకిట్లోకి టీకాలు పూర్తికాని ఇంకో పిల్లను కనీసం ఆరు నెలలు తేవద్దు.